మూడో పేరాలోని పేరు

కంప్యూటరు లెక్క ప్రకారం నవీన చచ్చిపోయి యాభై మూడు రోజులయింది.

ఆ చచ్చిపోయిన పిల్ల తిరుపతిలో ఒక పెద్ద ఆసుపత్రి కౌంటరు ముందు బెంచీ మీద కూర్చుని, తండ్రి తెచ్చిన ఇడ్లీలో ఒకటి తిని, ఆయాసం వచ్చి రెండోది పొట్లం కట్టేసింది. పదిహేడేళ్లుంటాయి. గుండె కవాటం చెడిపోయింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగి నెల దాటింది. మర్నాడు శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి ఆపరేషను. ఆ రోజు తప్పితే మళ్లీ మూడు వారాలకు గానీ థియేటరు దొరకదు. మూడు వారాలు ఈ పిల్ల ఆగదని డాక్టరు తండ్రిని పక్కకు పిలిచి చెప్పేశాడు.

ఆపరేషనుకు అనుమతి కోసం తెల్లకార్డు నెంబరు కొట్టగానే తెర మీద రెండు ముక్కలు కనిపించాయి. ఒకటి, ఈ కుటుంబానికి ఏడాదికి ఉన్న రెండు లక్షల పరిమితి అయిపోయింది. రెండు, నవీన మే పదహారున చిత్తూరులోని శుభాంజలి నర్సింగ్ హోమ్‌లో చేరి, పద్ధెనిమిదిన మరణించింది.

"సాయంత్రం అయిదుకు తెర మూసేస్తాం మేడం. ఆలోగా పైనుంచి ఈ ఎంట్రీ తీసేస్తే సరే. లేకపోతే నా చేతిలో ఏం లేదు" అన్నాడు కౌంటరు కుర్రాడు.

సంతోషమ్మ గోడ గడియారం చూసింది. తొమ్మిది ఇరవై.

ఆమె ముప్పై ఒక్కేళ్లు ప్రభుత్వ ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పనిచేసి హెడ్ నర్సుగా రిటైరయింది. పేదలకు ఉచిత వైద్య పథకం వచ్చాక బీమా కంపెనీ ఆమెను తనిఖీ పనికి కాంట్రాక్టు మీద తీసుకుంది. పథకం సంగతి సులువే. ప్రభుత్వం బీమా కంపెనీకి కడుతుంది, కంపెనీ ప్రైవేటు ఆసుపత్రికి కడుతుంది, పేదవాడు వేలిముద్ర వేస్తాడు. ఈ నలుగురి మధ్యా దొంగ ఎక్కడ దూరాడో చూడటం సంతోషమ్మ పని. ఎవరైనా డిటెక్టివ్ అంటే నవ్వేది కానీ, కాదని మాత్రం అనేది కాదు.

"మునస్వామీ, ఇట్లా రా. ఈ కార్డు ఎవురికన్నా ఇచ్చినావా?"

నవీన తండ్రి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మే మనిషి. "లేదమ్మా. గంగమ్మ మీద ఒట్టు."

"మే పదహారో తేదీ చిత్తూరికి పోయినావా? శుక్రవారం."

మునస్వామి వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "గంగమ్మ జాతర వారంలో శుక్రవారమా? అది తోటివేషం నాడు గదమ్మా. మంగళవారం రేత్రే చాటింపు అయిపాయ. చాటింపు ఏసినాక జాతర ముగిసేదాకా మేము పొలిమేర దాటం గదా. మా నాయన కాలం నించి వేషం కట్టే ఇల్లు మాది. ఆ పొద్దు ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకుని, యాపమండలు కట్టుకుని వీధులెంబడి తిరగతా ఉండాను. చిత్తూరు గాదు గదా, రేణిగుంటకు గూడా పోను."

సంతోషమ్మ చర్చికి పోయే మనిషే అయినా పుట్టి పెరిగింది తిరుపతిలోనే. జాతర వారంలో బదిలీ ఉత్తర్వు వస్తే దాన్ని జేబులో పెట్టుకుని ఎనిమిది రోజులూ ఊళ్లోనే తిరిగిన వార్డుబాయ్‌లను ఆమె ఎరుగును. సస్పెండ్ చేస్తామన్నా వాళ్లు కదల్లేదు. కాబట్టి మునస్వామి మాట మీద ఆమెకు వెంటనే నమ్మకం కుదిరింది. కంపెనీకి కుదరదని కూడా తెలుసు.

"నర్సింగ్ హోమ్ వాళ్లకు ఎప్పుడన్నా సంతకం పెట్టినావా?"

"ఏప్రిల్ ఆరో తేదీ మా వీధి బడికాడ ఉచిత క్యాంపు పెట్రి. చిత్తూరోళ్లే. బీపీ సూసి, కార్డు జెరాక్సు తీసుకొని, నాలుగు సంతకాలు పెట్టించుకున్నారు. ఇంగ్లీషులో అచ్చేసిన కాయితాలు, ఖాళీలు నింపలే. కాయితాలన్నీ దొంతిగా పెట్టి, ఒకరెనక ఒకర్ని పెట్టమన్రి. నా ముందర మా పక్కింటి దేవకమ్మ. రాత్రిబడిలో నేర్చుకున్న సంతకం ఆయమ్మది. పెన్ను పట్టిందంటే మడక దున్నినట్టే. కాయితం చినిగిపోతాదని క్యాంపాయన అరిచినాడు."

"నాలుగా?"

"నాలుగే. ఏమ్మా, తప్పా?"

సంతోషమ్మ నవీన తల నిమిరి, పది గంటల చిత్తూరు బస్సు ఎక్కింది.

శుభాంజలి నర్సింగ్ హోమ్ పేరు ఆమెకు కొత్త కాదు. మే నెలలో అక్కడి నర్సు ఒకతె ఫోన్ చేసింది. రెబెకా అని, హాస్టల్లో పెరిగిన పిల్ల, నా అన్నవాళ్లు లేరు. "ఈడ జరిగేది మంచిది గాదు మేడమ్. నా దగ్గర కాయితాలు ఉండాయి. శుక్రవారం పదకొండు గంటలకు తిరుపతికొచ్చి ఇస్తాను" అంది. ఆ శుక్రవారం సంతోషమ్మ సాయంత్రం దాకా కాచుకుంది. రెబెకా రాలేదు. ఫోనూ ఎత్తలేదు. వారం తర్వాత విచారిస్తే కువైట్‌కు పోయిందన్నారు. పిరికిది, మాటిచ్చి పారిపోయింది అని సంతోషమ్మ అప్పుడు గట్టిగానే తిట్టుకుంది. ఇప్పుడు బస్సులోనూ ఒకసారి తిట్టుకుంది.

*

నర్సింగ్ హోమ్ ఆఫీసు గదిలో ఆమెకంటే ముందే నరేంద్ర కూర్చుని ఉన్నాడు. మొన్నటి దాకా పోలీసు శాఖలో ఎస్సై. ఇప్పుడు అదే బీమా కంపెనీకి చిత్తూరు విజిలెన్సు ఆఫీసరు. హోదాలో సంతోషమ్మకు ఒక మెట్టు పైన, వయసులో పాతికేళ్లు కింద. ఎదురుగా టీ కప్పు, టైపు చేసిన ఒక కాగితం.

"రాండి సిస్టర్. మీ కోసరమే చూస్తా ఉండా. కేసు అయిపోయింది. ఈడ ఒక సంతకం పెట్టండి."

సంతోషమ్మ కాగితం చదివింది. మునస్వామి తన కార్డును తెలిసినవాళ్లకు అద్దెకిచ్చాడు, వాళ్ల పిల్ల ప్రమాదంలో గాయపడి నవీన పేరుతో వైద్యం పొంది చనిపోయింది, కార్డు రద్దు చేయవచ్చు.

"కార్డు రద్దయితే ఆ పిల్లకు రేపు ఆపరేషను ఉండదు నరేంద్ర గారూ."

"తండ్రి చేసిన తప్పుకు నేనేం జేసేది? నాలుగు కాయితాల మీద వాని సంతకం ఉంది. రేషను షాపు రిజిస్టరుతో పోల్చి చూసినాను. వానిదే. నా బల్ల మీద ఇంకా నలభై ఒక్క ఫైళ్లు ఉండాయి."

"ఆ శుక్రవారం మునస్వామి తిరుపతి పొలిమేర దాటలేదు. జాతర చాటింపు అయిపోయింది."

నరేంద్ర నవ్వాడు. "మూతికి బొగ్గు పూసుకున్న వెయ్యిమందిలో వీడు ఉన్నాడో లేదో ఎవరు చూసినారు? మనం కంపెనీకి రాసేది రిపోర్టు సిస్టర్, గంగమ్మకు మొక్కుబడి గాదు."

ఆ మాట చురుక్కుమన్నా, అందులో న్యాయం ఉందని సంతోషమ్మకు తెలుసు. ముఖం నల్లగా పూసుకున్నవాడికి సాక్షులు దొరకడం కష్టమే. "అయిదింటి దాకా టైముంది. అప్పటికీ నా దగ్గర ఏమీ లేకపోతే సంతకం పెడతాను" అంది.

"పంతమా?"

"పంతమే అనుకోండి."

పన్నెండున్నరకు నర్సింగ్ హోమ్‌లో పథకం వ్యవహారాలు చూసే సునీల్‌కుమార్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు. ఫైలు ముందు పెట్టి, అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పిల్లను ఎవరు తెచ్చారు?" సంతోషమ్మ మొదలుపెట్టింది.

"తండ్రే మేడం. మునస్వామి. బైకు మీంచి పడిందని ఆటోలో తెచ్చాడు. తొమ్మిది నలభైకి అడ్మిషను, రెండుంబావుకు తలకు ఆపరేషను. ఆదివారం తెల్లవారి అయిదూ ఇరవైకి పోయింది. ఆరింటికి బాడీ అప్పగించాం. అన్నీ రాసి ఉన్నాయి."

"తండ్రిని మీరు చూశారా?"

"చూడకపోవడమేంటి, అడ్మిషను నేనే రాసుకున్నాను. పాపం మర్యాదస్తుడు. తెల్లచొక్కా, పంచె."

"మొహం ఎట్లా ఉండింది?"

"మొహానికేం మేడం. కడిగిన ముత్యం లాగా ఉన్నాడు."

సంతోషమ్మ ఆ మాటను పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. "మీది తిరుపతేనా?"

"కాదు, పలమనేరు పక్క. ఎందుకూ?"

"ఊరికే. చనిపోయిన పిల్ల ఫోటో ఒక్కటే ఉంది. తల, మొహం అంతా కట్టు. ఇంకోటి లేదా?"

"డిశ్చార్జి అయితేనే రెండో ఫోటో. చనిపోతే అక్కర్లేదు. రూల్సు చూసుకోండి." సునీల్‌కుమార్ కొంచెం ముందుకు వంగాడు. "మేడం, మీరు ప్రభుత్వ ఆసుపత్రిలో చేశారు కాబట్టి చెప్తున్నాను. పథకం రాకముందు తలకు దెబ్బ తగిలిందంటే వీళ్లు వేలూరు పెద్దాసుపత్రికి చేరేలోగానే పోయేవాళ్లు. ఇప్పుడు ఇక్కడే వెంటిలేటరు. బిల్లు పంపిస్తే నాలుగు నెలలకు గానీ రాదు. వచ్చినా కోత. అయినా నడుపుతున్నాం. మమ్మల్ని దొంగల్లా చూస్తే రేపు ఏ నర్సింగ్ హోమూ ఈ పథకంలో ఉండదు."

ఈ ముక్కలో కూడా సగం నిజం ఉంది. సంతోషమ్మ థియేటర్లో ఉన్నన్నాళ్లూ ఒక్క వెంటిలేటరు కోసం పదకొండు అర్జీలు పెట్టింది. అది రాలేదు. ఇప్పుడు అంతకు వంద రెట్లు డబ్బు గడప దాటి ఇటు పోతోంది. ఆ కోపం ఆమెకు ఉంది. కోపంతో కేసు తేలదు కాబట్టి లేచి ఐసీయూ చూపించమంది.

*

ఐసీయూ అంటే రెండు మంచాల గది. ఒక వెంటిలేటరు, ఒక ఏసీ, కిటికీకి నల్ల కాగితం. నరేంద్ర గుమ్మంలోనే నిలబడ్డాడు. సంతోషమ్మ మంచాలవైపు చూడకుండా నేరుగా మూలనున్న ఆక్సిజన్ సిలిండర్ల దగ్గరకు వెళ్లి, గోడకు వేలాడదీసిన నోటుబుక్కు తీసింది. సిలిండరు ఎప్పుడు బిగించారో, ఎప్పుడు ఖాళీ అయిందో అందులో రాస్తారు. పై అధికారులెవరూ ఆ పుస్తకం అడగరు. అందుకే అందులో అబద్ధం రాయాల్సిన పని ఎవరికీ ఉండదు.

ఆ మంచం మీద ఎవరూ లేరనీ, అంతా కాగితాల మీది ఆపరేషనేననీ బస్సులో ఆమె అనుకుంది. పుస్తకం వేరే మాట చెప్పింది. మే పదహారు ఉదయం తొమ్మిదింటికి మొదటి సిలిండరు బిగించారు. ఆదివారం తెల్లవారుజాము దాకా వరసగా మార్చుకుంటూ పోయారు.

"చూసినారా?" నరేంద్ర గొంతులో సంతోషం దాచుకోలేదు. "మనిషి ఉండింది. వైద్యం జరిగింది. నేను రాసిందే నిజం. కార్డు మాత్రమే అద్దెది."

తొమ్మిది నలభైకి వచ్చిన పిల్లకు తొమ్మిదింటికే ఆక్సిజన్ ఎలా పెట్టారని సంతోషమ్మ తన పుస్తకంలో రాసుకుంది. అప్పుడే బకెట్టు, గుడ్డ పట్టుకుని ఆయా లోపలికి వచ్చింది. యాభై దాటిన మనిషి, అక్కమ్మ.

"అక్కమ్మా, జాతర వారంలో ఈడ ఒక బిడ్డ ఉండిందా? తలకు కట్టుతో."

అక్కమ్మ గుమ్మం వైపు చూసింది. సునీల్‌కుమార్ ఫోన్ వచ్చి వరండాలోకి పోయాడు. "ఉండిందమ్మా."

"వాళ్ల నాయన ఎట్లుండినాడు?"

"నాయన యాడ? ఎవురూ రాలేదు. మూడు దినాలు నేనే గుడ్డలు మార్చినా. నీళ్లు తాపేదానికి గూడా ఒక మనిషి లేడు. పాపిష్టి కాలం."

"తర్వాత బాడీని ఎవరు తీసుకపోయిరి?"

"ఆంబులెన్సులోనే ఏసుకోని పోయిరి. నేరుగా కాటికి అన్యారు."

ఆమె ఇంకేదో చెప్పబోయి, అడుగుల చప్పుడు విని బకెట్టు ఎత్తుకుంది. సంతోషమ్మ నరేంద్ర వైపు చూసింది. "తండ్రి వచ్చి నాలుగు సంతకాలు పెట్టినాడని గదా మీ రిపోర్టు?"

"ఆయా మాట. పేషెంటు పక్కన ఎప్పుడూ ఉంటుందా?" అన్నాడు గానీ, ఈసారి నరేంద్ర నవ్వలేదు.

సంతోషమ్మ ఫైల్లోని నాలుగు కాగితాలూ తీసింది. అడ్మిషను ఫారం, ఆపరేషనుకు ఒప్పుకోలు, ప్రాణాపాయం ఉందని తెలుసునన్న ఒప్పుకోలు, బాడీ అందుకున్న రసీదు. నాలుగింటి మీదా ఒకే నీలం సిరా, ఒకే సంతకం. ఆదివారం తెల్లవారి కూతురి శవం అందుకున్న చెయ్యి, శుక్రవారం అడ్మిషను రాసిన చెయ్యి కంటే ఒక్క వెంట్రుకవాసి కూడా ఎక్కువ వణకలేదు. ముప్పై ఒక్కేళ్లలో అలాంటి సంతకాలు ఆమె వందలు పెట్టించింది. ఏ తండ్రి చెయ్యీ అలా ఉండదు. కానీ ఇది కూడా రుజువు కాదు.

అప్పుడు మడక దున్నినట్టు సంతకం పెట్టే దేవకమ్మ గుర్తుకొచ్చింది.

"కిటికీ కాగితం అట్లే ఉంచండి. లైటు ఆర్పండి" అంది. సంచిలోంచి చిన్న టార్చి తీసింది. రోగుల కంటిపాపలు చూసే పెన్ను టార్చి, ఉద్యోగంలో మిగిలిన గుర్తు. అడ్మిషను ఫారాన్ని బల్ల మీద పరిచి, టార్చిని కాగితానికి ఆనించి, వెలుతురు పక్కగా పాకేటట్టు పట్టుకుంది.

ఖాళీగా ఉన్న చోట, మునస్వామి సంతకానికి వేలెడు పైన, సిరా లేని అక్షరాలు గుంటలుగా తేలాయి. నరేంద్ర వంగి కూడబలుక్కుంటూ చదివాడు. "దే... వ... కమ్మ."

"పక్కింటామె. రాత్రిబడిలో నేర్చుకున్న చెయ్యి, గట్టిగా ఒత్తుతుంది. ఏప్రిల్ ఆరున వీధి బడిలో క్యాంపు. కాయితాలన్నీ దొంతిగా పెట్టి, ముందు ఆమెతో, తర్వాత మునస్వామితో నాలుగేసి సంతకాలు పెట్టించినారు. ఆమె నాలుగో కాయితం ఒత్తిడి ఈయన మొదటి కాయితం మీద పడింది. రెండో దాని మీద చూడండి, సగమే కనిపిస్తుంది. మూడో దాని మీద ఏమీ లేదు."

నరేంద్ర మూడు కాగితాలూ తనే టార్చి పట్టుకుని చూశాడు. రెండుసార్లు చూశాడు.

"అంటే శవం అందుకున్నట్టు రసీదు..."

"నెలన్నర ముందే రాయించుకున్నారు. ఎవరు చచ్చేదీ తెలియకముందే. సునీల్‌కుమార్ చూసిన ముత్యం లాంటి మొహం ఎవరిదో ఆయన్నే అడగాల. మునస్వామిది మాత్రం ఆ పొద్దు బొగ్గు."

తప్పు రాసినట్టు తెలిశాక చించేసేవాళ్లు పోలీసుల్లో తక్కువ. నరేంద్ర ఆ తక్కువలోని మనిషి. టైపు చేసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు. ఒరిజినల్ ఫారాలకు రసీదు రాసిచ్చి ఫైలు చంకలో పెట్టుకున్నాడు. సునీల్‌కుమార్ అడ్డం చెప్పబోతే, "కేసు కోర్టుకు పోతే నీకు అదే రసీదు పనికొస్తాది, దాచిపెట్టుకో" అన్నాడు.

*

నర్సింగ్ హోమ్ ఎదురుగా రోడ్డు దాటితే ఒక జెరాక్సు షాపు. బల్ల మీద కూర్చుని నరేంద్ర రాశాడు, సంతోషమ్మ చెప్పింది. మొదటి పేరాలో జాతర సంగతి. రెండో పేరాలో దేవకమ్మ అచ్చు. మూడో పేరాలో, రోగి వెంట బంధువులెవరూ లేరని ఐసీయూ ఆయా అక్కమ్మ చెప్పిన మాట. నాలుగోదానిలో, కార్డుదారుడి తప్పు లేదు గనుక వెంటనే పరిమితిని తిరిగి ఇవ్వాలి. ఇద్దరూ సంతకాలు పెట్టారు. నాలుగూ నలభై రెండుకు ఫ్యాక్స్ హైదరాబాదులోని ప్రధాన కార్యాలయానికి వెళ్లింది.

సంతోషమ్మ షాపు గడియారం మీంచి కళ్లు తిప్పలేదు. ఎంత పెద్ద కేసునైనా ఆ ఆఫీసు మూడు రోజులు నానబెడుతుంది. అలాంటిది నాలుగూ యాభై మూడుకు ఆమె సెల్‌ఫోను మోగింది.

"అమ్మా, నేను మునస్వామిని. తెర మీద మా బిడ్డ పేరు పచ్చగా వచ్చింది. రేపు ఎనిమిదికే అంటండారు." అవతల పొట్లం విప్పిన చప్పుడు వినిపించింది. "బిడ్డ మిగిలిన ఇడ్లీ తింటా ఉండాదమ్మా."

సంతోషమ్మ సరే అని పెట్టేసింది. పదకొండు నిమిషాలు. ఆ ఆఫీసులో ఎవరో కాగితం చేతిలో పడగానే చదివారన్నమాట. అంత శ్రద్ధ వాళ్లకు ఎప్పుడొచ్చిందా అనుకుంది గానీ, సంతోషం ముందు ఆ ఆలోచన నిలవలేదు.

"గెలిచినారు సిస్టర్. టీ చెప్తాను" అన్నాడు నరేంద్ర.

టీ రాకముందే అక్కమ్మ రోడ్డు దాటి వచ్చింది. అయిదింటికి డ్యూటీ మారే ముందు కాఫీ తాగే వంకతో బయటికొచ్చినట్టుంది. షాపు లోపలికి వచ్చి, కొంగు ముడి విప్పి, ఒక వస్తువు సంతోషమ్మ అరచేతిలో పెట్టింది.

"ఆ బిడ్డ జాకెట్టుకు ఉండిందమ్మా ఇది. గుడ్డలన్నీ కత్తిరించి పారెయ్యమన్యారు. నేను దాపెట్టినా. ఎవురన్నా సొంతమోళ్లు వస్తే ఇద్దామని. ఇన్ని దినాలైనా ఎవురూ రాలే."

నర్సులు రొమ్ము మీద పిన్నుతో తగిలించుకునే గడియారం. అద్దం పగిలింది. ముళ్లు ఎనిమిదీ పది దగ్గర ఆగిపోయాయి. నర్సింగ్ స్కూల్లో చదువు ముగిసిన రోజున ఇచ్చేది. అలాంటిదే ఒకటి సంతోషమ్మ బీరువాలో ఉంది. ఆమె వెనక్కి తిప్పింది. వెనక చెక్కిన పేరు చదవడానికి టార్చి అక్కర్లేకపోయింది.

రెబెకా.

"నీకు తెలుసా ఎవరో?" సంతోషమ్మ అడిగింది.

"మొహం వాచి కట్టులో ఉండె. తెలీలే. గడియారం దొరికినాక తెలిసింది. రెబెకమ్మ కువైట్ పోయింది అన్యారు. సరే అనుకున్యా. నాకు ముగ్గురు బిడ్డలమ్మా, నోరు మూసుకున్యా." అక్కమ్మ కళ్లు తుడుచుకుంది. "డ్యూటీ టయిమయింది. పోతా."

ఆమె వెళ్లిపోయింది. సంతోషమ్మకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. యాభై అయిదు రోజులుగా పిరికిదని తిట్టుకున్న పిల్ల మే పదహారున, మాటిచ్చిన రోజునే, మాటిచ్చిన వేళకు చేరేటట్టే బయలుదేరింది. కాగితాలతో తిరుపతి బస్సుకు పోతుంటే దారిలో ఎనిమిదీ పదికి ఏదో ఢీకొట్టింది. తొమ్మిదింటికల్లా తను పనిచేసే ఐసీయూలో మంచం మీదే పడుకుంది. చర్చి పిల్లను కాట్లో కాల్చేశారు, మట్టి కూడా దక్కలేదు.

నరేంద్రకు ఆమె రెండు మాటల్లో చెప్పింది. అతను వంగి గడియారం వెనక పేరు తనే చదువుకున్నాడు.

"వీళ్లు ఊరుకోని ఉంటే ఈ జన్మకు దొరికేవాళ్లు గాదు సిస్టర్. ఎవరో దిక్కులేని పిల్ల అని రాసి పారేసి ఉంటే అయిపోయేది. చంపిన శవానికి గూడా పథకం బిల్లు ఏసినారు." తర్వాత పాత పోలీసు లేచాడు అతనిలో. "ఆ పిల్ల ఆ పొద్దు మీ దగ్గరికి వస్తా ఉండాదని ఎవరికి తెలుసు?"

"ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల కూడా చెప్పి ఉండదు."

"రాసినారా యాడన్నా?"

సంతోషమ్మ గడియారాన్ని గుప్పిట్లో మూసుకుంది. రాసింది. ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి కదా. వారం ముందే పంపాల్సిన పర్యటన పట్టికలో, శుక్రవారం పదకొండు గంటలు, సాక్షి రెబెకా, శుభాంజలి స్టాఫ్ నర్సు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపింది.

"హైదరాబాదుకు ఫ్యాక్స్ చేసినాను."

"ఏ నెంబరుకు?"

జెరాక్సు షాపతను ఇచ్చిన చీటీ బల్ల మీద ఉంది. నాలుగూ నలభై రెండు అని టైము, దాని కింద అదే నెంబరు. ఇద్దరూ ఒకేసారి దాని వైపు చూశారు. పదకొండు నిమిషాల్లో చదివిన ఆ శ్రద్ధ, రెబెకా పేరును శుభాంజలికి చేరవేసిన మనిషిదేనని సంతోషమ్మకు అప్పుడు అర్థమయింది. నవీనను బతికించిన కాగితంలో మూడో పేరాలో అక్కమ్మ పేరు ఉంది.

"అక్కమ్మా" అని పిలుస్తూ ఆమె రోడ్డు మీదికి పరుగెత్తింది. అడ్డంగా ఒక పాల వ్యాను వచ్చి ఆగింది. అది కదిలేసరికి అక్కమ్మ అప్పటికే అవతల నర్సింగ్ హోమ్ మెట్లు ఎక్కుతోంది. ఎన్నడూ గుమ్మం దగ్గరకు రాని సునీల్‌కుమార్ ఆమె కోసం తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. రెండో చేతిలో ఒక పల్చటి కాగితం ఉంది. ఫ్యాక్స్ కాగితం కదా, ఊరికే చుట్టుకుపోతోంది. దాన్ని తొడకేసి సాపు చేసుకుంటూ, ఆమె లోపలికి వెళ్లాక తలుపు మూశాడు.